అవనిగడ్డ ఫోనులో ఆడని ఆట మనకెందుకు?

రోజుకు 1.5 జీబీ. మన దగ్గర ప్రీపెయిడ్ ఫోన్లలో చాలామందికి ఉండే డేటా అంతే. ఇంటర్నెట్లో డంజన్స్ అండ్ డ్రాగన్స్ లాంటి ఆట ఆడదామని నలుగురైదుగురు స్నేహితులు అనుకోగానే, ఏ సాఫ్ట్‌వేర్ మంచిదని వెతకడం మొదలవుతుంది. కాగడా వెలుగుకు గుహ గోడల మీద నీడలు కదిలే వీడియోలు కనిపిస్తాయి. అవి చూసి ఎవరో ఒకరు డబ్బు కట్టేస్తారు. మూడో వారానికి ఒకరి ఫోను కాలిపోతున్నట్టు వేడెక్కుతుంది, ఇంకొకరి డేటా రాత్రి 9 గంటలకే అయిపోతుంది, ఆట అటకెక్కుతుంది. కాబట్టి ముందు ఆ 1.5 జీబీ సంగతి తేల్చుకుందాం, నీడల సంగతి తర్వాత.

ఆట తెలియనివారికి రెండు ముక్కలు. 1974లో అమెరికాలో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ తెచ్చిన ఆట ఇది. ఒకరు కథ నడుపుతారు, వాళ్లను డీఎం అంటారు. కూచిపూడి భాగవతంలో సూత్రధారి చేసే పనే చాలావరకు వీళ్లదీ. మిగతావాళ్లు తలో పాత్ర వేస్తారు. ‘నేను గోడ దూకుతున్నా’ అని ఒకరంటే, దూకగలిగారో కింద పడ్డారో 20 ముఖాల పాచిక తేలుస్తుంది. ఒడ్డేది డబ్బు కాదు, గెలుచుకునేదీ డబ్బు కాదు. ఆంధ్రప్రదేశ్ గేమింగ్ చట్టం కూడా సరిగ్గా 1974దే కావడం కాకతాళీయం. 2020లో దాన్ని సవరించి ఆన్‌లైన్ పందేలను నిషేధించారు. 2025లో కేంద్రం డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలన్నిటినీ నిషేధించింది. పందెం లేని ఈ ఆటకు ఆ రెండింటితోనూ పేచీ లేదు. ఇంట్లో అమ్మానాన్నలకు ఇదేదో రమ్మీ కాదని నచ్చజెప్పడానికి ఈ ముక్క పనికొస్తుంది.

లెక్క కోసం ఒక బల్ల ఊహించుకుందాం. డీఎం విజయవాడలో, బెంజి సర్కిల్ దగ్గర ఫ్లాటులో ఉన్నాడు. ల్యాప్‌టాప్ ఉంది, ఫైబర్ కనెక్షన్ ఉంది. గుడివాడలో ఒకరికి ఇంట్లో పాత డెస్క్‌టాప్. డీఎస్సీ కోచింగ్‌కని అవనిగడ్డ వెళ్లి హాస్టల్లో ఉన్న అమ్మాయికి 4 జీబీ ర్యామ్ ఫోను, రోజుకు 1.5 జీబీ. కూకట్‌పల్లి హాస్టల్లో ఒకడు, అందరూ పంచుకునే వైఫై మీద. ఎమ్మెస్ చేసి డల్లాస్‌లో స్థిరపడ్డ వాడు ఒకడు. కృష్ణా జిల్లాలో ఏ ఇంజినీరింగ్ కాలేజీ బ్యాచ్‌ని కదిపినా అటూ ఇటూగా పటం ఇలాగే ఉంటుంది. సాధనం ఎంచుకునేది డీఎం, కానీ ఆ ఎంపికకు పరీక్ష జరిగేది అవనిగడ్డ ఫోనులో.

మాటకెంత, ముఖానికెంత

ఈ ఆటలో తొంభై పాళ్లు మాటలే. అందరూ వాడే డిస్కార్డ్‌లో వాయిస్ ఛానెల్ మామూలుగా సెకనుకు 64 కిలోబిట్ల మీద నడుస్తుంది. 8తో భాగిస్తే సెకనుకు 8 కిలోబైట్లు, గంటకు 28.8 ఎంబీ. మాటను సెకనుకు 50 చిన్న పొట్లాలుగా కట్టి పంపుతారు, ఒక్కో పొట్లం మీద చిరునామా రాయాలి. ఆ చిరునామాల బరువు సుమారు 20 కిలోబిట్లు. మొత్తం 84 అనుకుంటే గంటకు 38 ఎంబీ లోపు, మూడు గంటల సెషన్‌కు 113 ఎంబీ. మనవాళ్లు ఒకరి మాటకు ఒకరు అడ్డం పడకుండా మూడు గంటలు కూర్చోరు కాబట్టి 150 అనుకుందాం. 1.5 జీబీలో పదో వంతు.

ఇప్పుడు కెమెరాలు ఆన్ చేయండి. గ్రూపు వీడియోకు జూమ్ సంస్థ సూచించే వేగం ఒక మాదిరి నాణ్యతకు పైకి 1 మెగాబిట్, కిందికి 0.6 మెగాబిట్. రెండూ కలిపి గంటకు 720 ఎంబీ. మూడు గంటలకు 2.16 జీబీ. అవనిగడ్డ అమ్మాయి రెండు గంటల చిల్లర దాటాక ఆటలోంచి మాయమవుతుంది, అదీ ఆ రోజు పొద్దున్నించీ ఒక్క రీలు కూడా చూడకపోతే. పైగా జూమ్‌లో ఉచిత సమావేశం 40 నిమిషాలే, గూగుల్ మీట్‌లో ఇద్దరు దాటితే 60 నిమిషాలే. సెషన్ మధ్యలో జూమ్ లింకు నాలుగుసార్లు మార్చాలి. రాక్షసుడు మీదపడే సమయానికి లింకు మారితే రాక్షసుడికి కూడా విసుగే.

కోటా అయిపోయాక చాలా ప్లాన్లలో వేగం 64 కిలోబిట్లకు పడిపోతుంది. 84 కావలసిన చోట 64 వస్తే మాట ముక్కలు ముక్కలవుతుంది. డిస్కార్డ్‌లో ఛానెల్ సెట్టింగుల్లోకి వెళ్లి బిట్‌రేటును 32కు దించితే, చిరునామాల బరువుతో కలిపి 52. గొంతు కాస్త డబ్బాలోంచి వచ్చినట్టుంటుంది గానీ ఆట ఆగదు. ఆ మీట 8 దాకా కిందికి వెళ్తుంది. డీఎం ఒక్కడు చేస్తే చాలు, అందరికీ వర్తిస్తుంది. డబ్బు పెట్టి కొనే ఏ హంగూ ఈ ఉచిత మీట అంత పనిచేయదని నా నమ్మకం.

బ్యారేజీని మ్యాప్‌లో ఎక్కించగలమా?

అసలు చిక్కు మ్యాప్‌తో వస్తుంది. ఈ ఆటలో మ్యాపును గళ్లుగా విడగొడతారు, ఒక గడి 5 అడుగులు. ప్రకాశం బ్యారేజీ మీద పోరాటం పెడదామని డీఎంకు సరదా పుట్టిందనుకోండి. పుట్టకుండా ఎలా ఉంటుంది? 2024 సెప్టెంబరులో 11.43 లక్షల క్యూసెక్కుల వరద అక్కడినుంచి దిగింది, కొట్టుకొచ్చిన పడవలు గేట్లను ఢీకొన్నాయి. అంతకంటే కథ ఏం కావాలి!

బ్యారేజీ పొడవు 1223.5 మీటర్లు, అంటే సుమారు 4014 అడుగులు. 5తో భాగిస్తే 803 గళ్లు. రోల్20లో మామూలుగా ఒక గడికి 70 పిక్సెళ్లు. 803ను 70తో గుణిస్తే మ్యాపు వెడల్పే 56 వేల పిక్సెళ్లు దాటుతుంది. పాత ఫోన్లలో గ్రాఫిక్స్ చిప్ ఒకే బొమ్మగా పట్టుకోగల గరిష్ఠ వెడల్పు 4096 పిక్సెళ్లు, కాస్త కొత్తవాటిలో 8192. బ్యారేజీ ఎక్కదు.

ఎక్కించక్కర్లేదు కూడా. ఒక్కో గేటు వెడల్పు 40 అడుగులు, అంటే 8 గళ్లు. మూడు గేట్లు, మధ్యలో పిల్లర్లు, పైన రోడ్డు, కింద నీళ్లు కలిపి 30 గళ్ల వెడల్పు, 20 గళ్ల ఎత్తు చాలు. 70 పిక్సెళ్ల చొప్పున 2100 అడ్డం, 1400 నిలువు. మిగతా 67 గేట్లు డీఎం నోటితో చెప్తాడు. వర్ణన ఉచితం, దానికి గ్రాఫిక్స్ మెమరీ అక్కర్లేదు.

ఇక్కడ చాలామంది పప్పులో కాలేసే విషయం ఒకటుంది. మ్యాపు ఫైలు 40 ఎంబీ ఉందనుకోండి, దాన్ని వెబ్‌పీ ఫార్మాట్‌లోకి మార్చి 3 ఎంబీ చేసి హమ్మయ్య అనుకుంటారు. డౌన్‌లోడుకు అది మేలే, డేటా మిగులుతుంది. ఫోనులో తెరుచుకున్నాక మాత్రం ఆ బొమ్మ మళ్లీ పూర్తిగా విప్పారుతుంది, పిక్సెల్‌కు 4 బైట్ల చొప్పున. ఫైలు 3 ఎంబీ అయినా 40 ఎంబీ అయినా మెమరీలో పట్టే చోటు ఒక్కటే. పైన చెప్పిన 2100×1400 మ్యాపుకు దాదాపు 12 ఎంబీ పడుతుంది. ఇంటర్నెట్లో అందంగా కనిపించి దింపుకునే మ్యాపుల్లో గడికి 140 పిక్సెళ్లుండటం మామూలే. 40 గళ్లకు 40 గళ్ల మ్యాపు అయితే 5600×5600. మెమరీలో 125 ఎంబీ. దానికి వెలుతురు పొర, ఇంకా చూడని చోట్లను కప్పే పొగమంచు పొర చేరితే 4 జీబీ ఫోను చేతులెత్తేస్తుంది. అంటే బక్కచిక్కాల్సింది ఫైలు ఒక్కటే కాదు, పిక్సెళ్లు కూడా. గడికి 70కి దించితే అదే మ్యాపు 31 ఎంబీతో సరిపెట్టుకుంటుంది, నాలుగో వంతు. ఆరంగుళాల తెర మీద ఆ తేడా కంటికి ఆనదు.

వరద, నదులు అంటే గుర్తొచ్చింది. 2022లో వచ్చిన ‘జర్నీస్ త్రూ ద రేడియంట్ సిటడెల్’ అనే అధికారిక పుస్తకంలో కోల్‌కతాలో పుట్టిన రచయిత్రి మిమీ మండల్ రాసిన సాహసం ఒకటుంది. బెంగాల్ నదుల నేలను తలపించే శంఖభూమిలో నడుస్తుంది. డెల్టాలో పెరిగినవాళ్లకు అందులో ఏ గుర్తులూ విడమరచి చెప్పక్కర్లేదు.

మూడు సాధనాలు, మరికొన్ని

2020 ఈ రంగానికి పెద్ద మలుపు. లాక్‌డౌన్‌లో ఇళ్లల్లో ఉండిపోయిన జనం ఆటను తెర మీదికి తెచ్చారు. ఇప్పుడు ఎక్కువగా వినపడే మూడు పేర్లలో రెండు, ఫౌండ్రీ, అవుల్‌బేర్ రోడియో, ఆ ఏడాదే వచ్చాయి. మూడోది రోల్20. అది 2012లో కిక్‌స్టార్టర్‌లో సుమారు 40 వేల డాలర్లు పోగుచేసుకుని మొదలైంది.

అవుల్‌బేర్ రోడియో ఆస్ట్రేలియాలో తయారైంది. మ్యాపు పెట్టు, పాత్రల బిళ్లలు (టోకెన్లు) జరుపు, అంతే దాని పని. నియమాలు దానికి తెలియవు, తెలియాలని అనుకోదు కూడా. ఫోను బ్రౌజర్‌లో చక్కగా నడుస్తుంది. డీఎం లింకు పంపితే ఆటగాళ్లు నేరుగా లోపలికి వచ్చేస్తారు. ఉచితంగా 200 ఎంబీ చోటిస్తుంది. 3 ఎంబీ మ్యాపులైతే 66 పడతాయి. వారానికొక కొత్త మ్యాపు వాడినా ఏడాది దాటుతుంది.

రోల్20లో మ్యాపుతో పాటు పాత్ర వివరాలు రాసుకునే క్యారెక్టర్ షీటు, పాచికలు, నియమాల పుస్తకం అన్నీ ఒక్కచోటే. షీటులో కత్తి పేరు మీద నొక్కితే పాచిక పడుతుంది, కూడికలు అదే చేస్తుంది. కొత్తవాళ్లకు ఇది పెద్ద ఊరట. ఉచిత ఖాతాకు 100 ఎంబీ. నీడలు, వెలుతురు కావాలంటే చందా కట్టాలి, నెలకు అయిదారు డాలర్ల నుంచి మొదలు. ల్యాప్‌టాప్‌లో బాగుంటుంది. ఫోనులో మ్యాపు కంటే షీటు చూసుకోవడానికే ఎక్కువ పనికొస్తుంది.

ఫౌండ్రీ వీటన్నిటికంటే బలమైనది. 50 డాలర్లు ఒక్కసారి డీఎం కడితే చాలు, ఆటగాళ్లు పైసా కట్టక్కర్లేదు, నెలవారీ చందా లేదు. వీడియోల్లో కనిపించే ఆ నీడలు చాలావరకు దీనివే. అయితే తెర కనీసం 1366×768 ఉండాలంటుంది. గుడివాడ డెస్క్‌టాప్ ఆ గీత దాటుతుంది, అవనిగడ్డ ఫోను దాటదు. ఇంత బలమైన సాధనాన్ని ఒక్కరి కోసం వదులుకోవాలా అని డీఎంకు అనిపిస్తుంది. అయిదుగురు ఆడే ఆటలో ఒకరంటే 20 శాతం. నేనైతే వదులుకుంటాను.

మిగతావి గబగబా. టేబుల్‌టాప్ సిమ్యులేటర్ ముచ్చటగా ఉంటుంది గానీ అందరూ కొనాలి, అందరికీ కంప్యూటరుండాలి. ఫ్యాంటసీ గ్రౌండ్స్ 2004 నుంచీ ఉన్న పెద్ద తలకాయ, నియమాల లెక్కలన్నీ తనే చూసుకుంటుంది, నేర్చుకోవడానికి ఓపిక కావాలి. మ్యాప్‌టూల్ పూర్తిగా ఉచితం, జావా మీద నడుస్తుంది, ఫోనుకు పనికిరాదు.

మన ఊహా బల్లకు నా తీర్పు: మాటకు డిస్కార్డ్, మ్యాపుకు అవుల్‌బేర్, షీటుకు ఒక గూగుల్ షీట్. ఖర్చు సున్నా. అందరికీ ల్యాప్‌టాపులొచ్చిన రోజున ఫౌండ్రీ మాట ఎత్తండి.

రూపాయల్లో

ఆ రోజు వచ్చిందనే అనుకుందాం. డాలరు 88 రూపాయలనుకుంటే 50 డాలర్లు 4,400. బ్యాంకు విదేశీ లావాదేవీ రుసుము 3.5 శాతం వేస్తే 4,554. విదేశాల నుంచి అమ్మే డిజిటల్ సరుకు మీద 18 శాతం జీఎస్టీ కూడా బిల్లులో కలిస్తే 5,300 పైచిలుకు. అయిదుగురు పంచుకుంటే తలకు వెయ్యీ డెబ్బై. ఏడాదికి 40 సెషన్లు ఆడితే సెషన్‌కు తలకు 27 రూపాయలు. అదే నెలకు 6 డాలర్ల చందా అయితే 528 రూపాయలు. పన్నులు పక్కన పెట్టి మూలధర మీద చూస్తే తొమ్మిదో నెలలో చందా ఫౌండ్రీ ధరను దాటేస్తుంది. మొదలుపెట్టిన క్యాంపెయిన్లలో, అంటే సెషన్ల తరబడి సాగే కథల్లో, తొమ్మిది నెలలు బతికేవి ఎన్ని అన్నది మీ స్నేహితులను బట్టి ఉంటుంది.

ధర కంటే ముందు అడ్డుపడేది కార్డు. 2020 నాటి రిజర్వు బ్యాంకు నిబంధనతో మన కార్డుల్లో విదేశీ చెల్లింపులు మనం అడిగి తెరిపించుకుంటే తప్ప పనిచేయవు. బ్యాంకు యాప్‌లో ‘ఇంటర్నేషనల్’ అనే మీట వెతికి, ఆన్ చేసి, పరిమితి పెట్టుకోవాలి. కొన్నాక మళ్లీ ఆపేయడం మంచిది. 2021 అక్టోబరు నుంచి నెలనెలా తనంతట తానే కోసుకునే చెల్లింపులకు కొత్త నిబంధనలొచ్చాయి. వాటికి సిద్ధపడని విదేశీ సంస్థల చందాలు మన కార్డుల మీద చటుక్కున ఆగిపోతుంటాయి. సెషన్ రోజు సాయంత్రం ఖాతా ఉచిత స్థాయికి జారిపోతే నీడలన్నీ పోతాయి. ఒక్కసారి కట్టే సాధనానికి, ఏడాదికొకసారి కట్టే చందాకు మన దగ్గర ఉన్న అదనపు విలువ ఇదే.

ఫౌండ్రీకి ఇంకో మెలిక. అది డీఎం కంప్యూటర్‌లోనే నడుస్తుంది, మిగతావాళ్లు ఆ కంప్యూటర్‌కు వచ్చి చేరాలి, మామూలుగా 30000 నంబరు తలుపు గుండా. మన సర్వీసుల్లో చాలావాటికి బయటి ప్రపంచం నేరుగా తట్టగలిగే చిరునామా ఉండదు. వందల ఇళ్లకు కలిపి ఒక చిరునామా ఇస్తారు. రౌటర్ పేజీలో కనిపించే వాన్ అడ్రసు 100.64 నుంచి 100.127 లోపు అంకెలతో మొదలైతే మీరూ ఆ గుంపులో ఉన్నట్టే. ఇలా పంచుకునే ఏర్పాటు కోసమే 2012లో 41,94,304 చిరునామాలను పక్కన పెట్టారు. అప్పుడు రౌటర్లో ఎన్ని సెట్టింగులు తిప్పినా లాభం లేదు. క్లౌడ్‌ఫ్లేర్ టన్నెల్ లాంటి సొరంగం వేసుకోవాలి, లేదా ఫౌండ్రీని ఎక్కడైనా అద్దె సర్వర్లో పెట్టుకోవాలి. ఒరాకిల్ క్లౌడ్‌కు హైదరాబాద్‌లోనే కేంద్రముంది, ఉచిత శ్రేణీ ఉంది. ఖాతా తెరవడానికి కార్డు మాత్రం అడుగుతుంది.

డల్లాస్ వాడి గోల

విజయవాడ నుంచి డల్లాస్ నేరుగా కొలిస్తే 14 వేల కిలోమీటర్ల పైమాటే. గాజుతీగలో వెలుగు సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది. అంటే మాట అక్కడికి చేరడానికే కనీసం 70 మిల్లీసెకన్లు, సముద్రం అడుగు తీగల వంకరలు కలిపితే ఇంకా ఎక్కువ. ఫోన్ సంభాషణకు 150 మిల్లీసెకన్ల లోపు ఆలస్యం ఇబ్బంది పెట్టదని అంతర్జాతీయ టెలికం సంఘం ప్రమాణం చెబుతుంది. డల్లాస్ వాడు ఆ గీతకు అటూ ఇటూగా ఉంటాడు. డిస్కార్డ్‌లో ఛానెల్‌కు భారత్ ప్రాంతాన్ని ఎంచుకుంటే ఇక్కడి నలుగురికీ ఆలస్యం తెలియదు, దూరం మోసేది వాడొక్కడే. అమెరికా ప్రాంతం పెడితే విజయవాడ మాట గుడివాడ చేరడానికి అమెరికా వెళ్లి రావాలి.

వేళ కుదర్చడం ఇంకా కష్టం. ఆదివారం పొద్దున 7.30కు ఇక్కడ మొదలుపెడితే చలికాలంలో డల్లాస్‌లో శనివారం రాత్రి 8. మార్చి రెండో ఆదివారం వాళ్లు గడియారాలు గంట ముందుకు తిప్పుతారు, అప్పటినుంచి రాత్రి 9. మూడు గంటలు ఆడితే అర్ధరాత్రి. నవంబరు మొదటి ఆదివారం మళ్లీ వెనక్కి. మన గడియారం మారదు కాబట్టి ఇక్కడివాళ్లకు గుర్తుండదు, ఏడాదికి రెండుసార్లు ఎవరో ఒకరు గంటసేపు ఖాళీ గదిలో కూర్చుంటారు. డిస్కార్డ్‌లో సమయాన్ని ఒక సంకేతంగా పెట్టే పద్ధతుంది, ఎవరి తెర మీద వాళ్ల ఊరి టైము కనిపిస్తుంది. వాట్సాప్‌లో ‘రేపు ఏడున్నరకి’ అని రాయడం మానేస్తే సగం గొడవ పోతుంది.

ఆదివారం పొద్దున్నే అయితే మరో లాభం, అవనిగడ్డ అమ్మాయి ఆ రోజు డేటా ఇంకా ముట్టుకుని ఉండదు.

తెలుగులో ఆడాలంటే

మాట తెలుగులోనే నడుస్తుంది, దానికి ఏ సాఫ్ట్‌వేరూ అడ్డం రాదు. రాతతోనే జాగ్రత్త. బ్రౌజర్‌లో నడిచేవాటిలో, అంటే రోల్20, అవుల్‌బేర్, ఫౌండ్రీల్లో, తెలుగు అక్షరాలను కూర్చే పని బ్రౌజరే చేస్తుంది కనుక ఒత్తులూ గుణింతాలూ సరిగ్గా వస్తాయి. యూనిటీ ఇంజన్ మీద కట్టిన టేబుల్‌టాప్ సిమ్యులేటర్, ఫ్యాంటసీ గ్రౌండ్స్ లాంటివాటిలో ముందు ‘శ్రీకాకుళేశ్వరస్వామి’ అని టైపు చేసి చూడండి. ఒత్తులు విడిపోతే పాత్రల పేర్లు, రహస్య లేఖలు బొమ్మలుగా చేసి పెట్టుకోవడమే దారి.

నియమాల అనువాదానికి మాత్రం తలుపు బార్లా తెరిచి ఉంది. 2023 జనవరిలో లైసెన్సు గొడవ ముదిరి ఆటగాళ్లు తిరగబడ్డాక, ఈ ఆటను ప్రచురించే విజార్డ్స్ ఆఫ్ ద కోస్ట్ సంస్థ అయిదో ఎడిషన్ మూల నియమాల 403 పేజీల పత్రాన్ని క్రియేటివ్ కామన్స్ కింద విడుదల చేసింది. 2025లో కొత్త నియమాల పత్రాన్నీ అలాగే ఇచ్చింది. మూలం పేరు చెబితే చాలు, ఎవరైనా తెలుగు చేసుకోవచ్చు, అచ్చేసుకోవచ్చు, అమ్ముకోవచ్చు కూడా. 403 పేజీలూ అక్కర్లేదు. నాలుగు పాత్రలకు కావలసినవి ఏరి నాలుగైదు పేజీల తెలుగు సారం చేస్తే కొత్త ఆటగాడు మొదటి సెషన్‌లోనే కుదురుకుంటాడు.

నీళ్లొస్తే, కంపెనీ పోతే

ఏపీ ఫైబర్‌నెట్ 2017 డిసెంబరులో నెలకు 149 రూపాయలకు ఇంటర్నెట్, టీవీ, ఫోను అంటూ మొదలైనప్పుడు ఖర్చు తగ్గించిన కిటుకు తీగను కరెంటు స్తంభాల మీదుగా లాగడం. తుపాను దారిలో ఉన్న డెల్టాలో దానికో వెల ఉంది: స్తంభం ఒరిగితే కరెంటూ నెట్టూ కలిసే పోతాయి. 2023 డిసెంబరులో మిచౌంగ్ బాపట్ల దగ్గర తీరం దాటింది, 2025 అక్టోబరులో మొంథా నరసాపురం వైపు. 2024 సెప్టెంబరులో బుడమేరు నీళ్లు సింగ్‌నగర్‌ను రోజుల తరబడి ముంచాయి. అక్టోబరు, నవంబరు నెలల్లో క్యాంపెయిన్ నడిపే డీఎం సెషన్ రద్దు చేయడం కంటే ఇంటి నెట్టు పోయినా ఆగని పద్ధతి ఒకటి పెట్టుకోవాలి. వాట్సాప్‌లో రాతపూర్వకంగా, రోజుకు ఇద్దరు ముగ్గురు తమ వంతు రాస్తూ ఆడే ఆట కోటాలో కనిపించనంత డేటాతో నడుస్తుంది.

ఫౌండ్రీ లోకమంతా డీఎం ల్యాప్‌టాప్‌లో ఒక ఫోల్డరు. దాని నకలు గూగుల్ డ్రైవ్‌లో లేకపోతే ల్యాప్‌టాప్‌తో పాటే పోతుంది. ఆన్‌లైన్ సాధనాలకు ఆ భయం లేదు, వేరే భయం ఉంది. 2022లో విజార్డ్స్ మాతృసంస్థ హాస్‌బ్రో ఈ ఆటకు ఆన్‌లైన్ సేవ అయిన డీఅండ్‌డీ బియాండ్‌ను 14.63 కోట్ల డాలర్లకు కొన్నది. అదే ఇంటినుంచి సిగిల్ అనే త్రీడీ బల్ల 2025 ఫిబ్రవరి చివర్లో వచ్చింది. మార్చిలోనే దాన్ని కట్టినవాళ్లలో అత్యధికుల్ని ఇంటికి పంపేశారు. కోట్ల డాలర్ల కంపెనీ బల్లే ఇలా లేచిపోతే, మీ మూడేళ్ల కథ ఎక్కడ దాచారన్నది ముఖ్యం. కథాసారం, పాత్రల వివరాలు మామూలు డాక్యుమెంట్లో ఉంటే ఏ బల్లకైనా మారొచ్చు.

చివరి తగాదా పాచిక మీద

సాధనం మారిన వారం తప్పకుండా వినపడే మాట: ‘ఈ పాచిక మోసం, నాకు ఇరవై పడటమే లేదు.’ ఇరవై ముఖాల పాచికలో 20 పడే అవకాశం 5 శాతం. అష్టాచెమ్మాలో నాలుగు గవ్వలూ బోర్లా పడి ‘అష్ట’ రావడం, గవ్వలు రెండు వైపులకూ సమంగా పడతాయనుకుంటే, 16కు ఒకటి, 6.25 శాతం. అంటే ఇరవై పడటం అష్ట కంటే కాస్త అరుదు. ఒక సెషన్‌లో ఒకరు 30 సార్లు పాచిక వేస్తారనుకుంటే, ఒక్కసారి కూడా 20 పడకుండా ఇంటికెళ్లే అవకాశం 21 శాతం. పాచిక వేసేవాళ్లు అయిదుగురైతే వాళ్లలో కనీసం ఒకరికి ఆ గతి పట్టే అవకాశం 70 శాతం. పది సెషన్లలో ఏడింటిలో ఎవరో ఒకరు గొణుగుతారన్నమాట, పాచిక ఎంత నిజాయితీగలదైనా.

అయినా అనుమానం తీరకపోతే అదే సాధనంలో 200 సార్లు వేయించి అంకెలు రాసుకోండి. ఒక్కో ముఖం సగటున 10 సార్లు రావాలి. 4 నుంచి 16 దాకా వస్తే మామూలే. ఏదైనా ముఖం రెండో దొంతర 200లో కూడా 20 దాటితే అప్పుడు సాధనం మార్చే సంగతి మాట్లాడుకోవచ్చు.